రంగునీళ్లు

మూడోసారి మందు ఎక్కించుకుని పద్దెనిమిది రోజులైనా రామాయి తలమీద ఒక్క వెంట్రుక రాలలేదు. ఆమె అనుమానమంతా అక్కడే మొదలైంది.

కిందటేడు అండాశయంలో గడ్డకు మందు పెట్టినప్పుడు మూడు వారాలకే తల బోడి అయింది. గడ్డ మళ్లీ వచ్చింది. ఇప్పుడు మదురై ఆసుపత్రిలో లేత ఎరుపు మందేదో ఎక్కిస్తున్నారు. జుట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

'నేను బతకనని వీళ్లకు తెలిసిపోయింది. ఊరికే రంగునీళ్లు ఎక్కించి మభ్యపెడుతున్నారు' అనుకుంది. కోడలు కలైసెల్వి డాక్టరు గదిలో ఒక్కతే చాలాసేపు ఉండి రావడం ఆమె చూసింది. ఇంటిదగ్గర అత్త కనబడగానే ఆ పిల్ల ఫోనులో గొంతు తగ్గించేది.

నాలుగోసారి సూది గుచ్చబోతుంటే రామాయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇది నిజం మందా, సుమ్మా ఉత్త నీళ్లా? చెప్పు పాపా."

రామాయి ఇంట్లోలాగే నర్సు జెబమలర్ ఇంట్లోనూ తెలుగే. "మందే పెద్దమ్మా. కంటికి ఆనని కొవ్వు గుల్లల్లో పెట్టి పంపిస్తారు. గడ్డకాడ రక్తనాళాలకు సందులుంటాయి, ఆడ దూరి నిలుస్తాది. ఎంటికల కాడికి శానా తక్కువ పోతాది."

"గుల్లకు దోవ ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు పెద్దమ్మా. ఒళ్లంతా తిరుగుతాది. సందు దొరికిన కాడ దూరతాది."

రామాయి నమ్మలేదు. కోడలివైపు తిరిగింది. "కలై, డాక్టరు నీతో ఏమన్నాడు? పొయ్ చెప్పొద్దు, అబద్ధాలొద్దు."

కలైసెల్వి కళ్లు నిండాయి. "ఈ మందుకు గడ్డ కేక్కపోతే, లొంగకపోతే, ఇంక వేరే దోవ తక్కువన్నారత్తా. మీకు చెప్పేదానికి నాకు నోరు రాలా."

రామాయికి దాచారన్న కోపమూ వచ్చింది, తన అనుమానం ఉత్తదే కాదన్న ఊరటా కలిగింది. చివరికి చెయ్యి చాపింది. "గుచ్చు పాపా."

పది రోజులకు అరచేతులు ఎర్రగా కమిలి పొరలు లేచాయి. గిన్నె పట్టుకున్నా మంటే. ఫోను చేస్తే, ఆ మందు అరచేతుల్లోకీ కొంత ఊరుతుందనీ, తరువాతి విడత ఆలస్యం చేద్దామనీ డాక్టరు చెప్పాడు.

"నీళ్లయితే ఇట్ల కాలుస్తాదా!" అంది రామాయి, నొప్పిలోనే నవ్వుతూ.

స్కాన్‌లో గడ్డ కొంత చిక్కింది, పూర్తిగా పోలేదు. ఆ సంగతి డాక్టరు రామాయికే చెప్పాడు. ఆమె అట్లా పట్టుబట్టింది. తిరిగొస్తూ తిరుమంగళం బస్సులో అత్తాకోడళ్లు మొదటిసారి ఆ జబ్బు పేరెత్తి, గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నారు.