సోమవారం జ్వరం

రెండుసార్లు జాడించినా దుప్పటి కంపు వదల్లేదు. "ఇంకాస్త సబ్బు రుద్దమ్మా, పక్కింటివాళ్ళకి తెలిస్తే పరువు పోతుంది," అంది అత్తగారు గుమ్మంలోంచి. పరువట! కక్కిన మొగుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, పరువు దిగులు మాత్రం ఉతికేదానికి. "వాడి ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పు. ఇంకోసారి ఊరికే నాగా పెడితే ఉద్యోగం ఊడుతుందన్నారుగా." కాలేజీకి వెళ్ళి చేస్తానని ఆమె బస్సు కోసం పరుగెత్తింది.

కాలేజీలో ఆమె లెక్కల పాఠాలు చెబుతుంది. ఈ ఏడు ప్రిన్సిపాల్ ఇంకో పని అంటగట్టాడు, కొత్తగా చేరిన మొదటి సంవత్సరం పిల్లల్లో ఎవరు తాగుడికి అలవాటుపడుతున్నారో కనిపెట్టడం. "ఆడవాళ్ళయితే తల్లిలా చూస్తారు మేడమ్," అన్నాడు. తల్లితనానికి జీతం ఉండదు కదా, అడిగి నోరు చేదు చేసుకోవడం ఎందుకని ఒప్పుకుంది. తోటి మాస్టార్లు ఎర్రకళ్ళ కోసం, వాసన కోసం వెతుకుతారు, ఒక్కరూ దొరకరు. ఆమె తాగేవాళ్ళని చూడదు. పక్కన కూర్చున్నవాళ్ళని చూస్తుంది. హాజరు పిలిస్తే ఇంకొకరి బదులు ఎవరు పలుకుతున్నారు, ఎవరి ముఖం నిద్రలేక పీక్కుపోయింది? అలా పట్టుకున్నవాళ్ళలో ఒక్కరి విషయంలోనూ ఆమె అంచనా తప్పలేదు. స్టాఫ్ రూములో అందరూ "మీ ముక్కుకి దండం మేడమ్" అని నవ్వుతారు. ఆ ముక్కు ఎక్కడ ఆరితేరిందో ఎవరూ అడగలేదు.

ఆ రోజు మొదటి సంవత్సరం క్లాసుకి పొడుగమ్మాయి ఒకతె రాలేదు. "తనకి జ్వరం మేడమ్," అని లేచింది ఆ అమ్మాయితో హాస్టల్లో ఒకే గదిలో ఉండే చిట్టిపిల్ల.

క్లాసయ్యాక చిట్టిపిల్లని వరండాలో ఆపింది. "పోయిన సోమవారం కూడా జ్వరమేగా?"

పిల్ల పుస్తకాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. దాని వేళ్ళు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. ఆమె తన చేతులు చీరకొంగులో దాచుకుంది.

"దుప్పటి నువ్వే ఉతికావా?"

అంతే, పిల్ల బావురుమంది. "చెబితే ఇంటికి పంపేస్తారు మేడమ్. దాని చదువు పోతుంది. నేను పక్కనుంటే మెల్లగా మానేస్తుంది. నా మాట వింటుంది."

కాపురానికొచ్చిన కొత్తలో ఆమె తన అమ్మతో అన్న మాట ఇదే. నేనున్నాగా అమ్మా, మానేస్తాడు. ఎక్కడ మానాడు? బట్టలు ఉతికే మనిషి, అబద్ధాలాడే మనిషి ఇంట్లో ఉంటే మానాల్సిన అవసరం ఎవరికి!

"నువ్వు ఉతికినన్నాళ్ళూ దాని కంపు దానికి తెలీదమ్మా," అంది. "ఇంటికి పంపనివ్వను. సాయంత్రం ముగ్గురం డాక్టర్ దగ్గరికి వెళ్దాం. కానీ జ్వరమని ఇంకెప్పుడూ చెప్పకు. దానికోసమైనా సరే."

"మరి నిజం చెబితే దాని బతుకేమవుతుంది మేడమ్?"

సంచీలో ఫోన్ మోగింది. భర్త ఆఫీసు. చిట్టిపిల్ల కళ్ళు తుడుచుకుంటూ ఆమె ముఖంలోకే చూస్తోంది.

"అమ్మా, సారు రాలేదు. మళ్ళీ జ్వరమేనా?"

జ్వరమే అంటే అయిపోతుంది. ఉద్యోగం నిలబడుతుంది, ఇంటి అద్దె కట్టుకోవచ్చు, అత్తగారు రాద్ధాంతం చెయ్యదు.

"కాదండీ," అంది, పిల్లకి వినిపించేలా. "తాగి పడుకున్నారు."