లచ్చన్నకు పిట్ట ముట్టిన రోజు

లచ్చన్న దినానికి పెట్టిన కూడు ఊళ్లో పిట్ట ముట్టలేదట. అతని భార్య శాంతవ్వ ఫోన్‌లో ఆ మాట చెప్పేసరికి ఓంకార్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, గల్ఫ్‌లోని దుక్మ్ లేబర్ క్యాంపు రూమ్‌లో మంచం మీద కూర్చుని సాక్సులు విప్పుతున్నాడు. విప్పిన సాక్సు చేతిలోనే ఉండిపోయింది.

“పొద్దుందాక కూసున్నం ఓంకారూ. కోడికూర వెట్టినం, కల్లు వెట్టినం, బీడీ ముట్టిచ్చి వెట్టినం. పిల్లలను నేను సూసుకుంటనని మా బావ మొక్కిండు. ఒక్క కాకన్న దగ్గరికి రాలే. మా అత్త అందరి ముంగటనే అన్నది, నా కొడుకు దీని మీది కోపంతోని పోయిండు, ఎట్ల ముడ్తడని.”

“వదినె, ఆమె ఏదో దుఃఖంల...”

“దుఃఖం గాదు, నిజమే. ఫోన్ల లొల్లి వెట్టుకున్న గదా. ‘రాకు, ఆడ్నే సావు’ అన్న గదా. అనంగనే ఫోన్ కట్ చేసిండు. కోపంతోని పోయి పండుకున్నడు, గుండె ఆగింది. నేనే సంపుకున్న.” ఆమె ఏడవడం లేదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో మాటా ఏరి పెడుతోంది. “ప్రాణం పోయిన జాగల పెడ్తె ముడ్తడట. నువ్వు ఆ మంచం కాడ, కిటికిల పెట్టు. నాకు ఫోన్ల సూపెట్టు.”

ఓంకార్ సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక ఎదుటి మంచం కేసి చూశాడు. లచ్చన్న ఆ మంచం మీద చనిపోలేదు.

చనిపోయిన సాయంత్రం లచ్చన్న నీళ్ల ట్యాంకు వెనక నిలబడి ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. అప్పట్లో క్యాంపు మొత్తంలో సిగ్నల్ అందేది అక్కడే. ఓంకార్ పక్కనే తాడు మీద బట్టలు ఆరేస్తున్నాడు. లచ్చన్నకు లీవు దొరికింది, టికెట్ కూడా తీసుకున్నాడు. ఈలోగా సముద్రానికి అవతల వాళ్లూ వీళ్లూ యుద్ధం మొదలుపెట్టారు. విమానాలు ఆగిపోయాయి. శాంతవ్వ నమ్మలేదు.

“ఆకాశానికి తాళమేసిన్రా? ఎవ్వనికి చెప్తున్నవ్? ఓవర్‌టైముకు ఆశపడ్డవ్. నువ్వేం రాకు, ఆడ్నే సావు!” ఆమె అరుపు ఫోన్ దాటి ఓంకార్‌కు కూడా వినిపించింది.

లచ్చన్న ఏదో చెప్పబోయేలోపు లైను తెగిపోయింది. ఆ రోజుల్లో అది మామూలే. ఆకాశంలో ఏదైనా తిరిగినప్పుడల్లా సిగ్నల్ పోయేది. లచ్చన్న ఫోన్ కేసి చూసి పకపకా నవ్వాడు.

“సూసినవా తమ్మీ, మీ వదినె? నేను రాలేదని ప్రాణం వోతున్నది దానికి. పెండ్లయి ఇన్నేండ్లాయె, ఇంకా గింత పావురం, గింత ప్రేమ!” అంటూ మళ్లీ నంబరు నొక్కుతున్నాడు.

అప్పుడే తలమీద బైకు పోతున్నట్టు చప్పుడు. తెల్లగా మెరుపు. కాసేపటికి ఓంకార్ లేచి చూస్తే ట్యాంకులోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, గోడకు పెద్ద బొక్క. లచ్చన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చంక కింద అరచేయంత ఇనుప ముక్క దిగింది. మొహం మీద ఇంకా ఆ నవ్వు పూర్తిగా పోలేదు.

తెల్లారేసరికి నేలలో పడ్డ గుంత పూడ్చేశారు. దాని మీద కాంక్రీటు పోశారు. బొక్క మూసి గోడకు సున్నం కొట్టారు. కంపెనీ అల్ ఖువైర్ ఆఫీసు నుంచి నాగేంద్రప్రసాద్ గారు కారేసుకుని వచ్చారు. కాకినాడ వైపు మనిషి, ఎప్పుడూ మెత్తగా మాట్లాడతారు. అందరినీ మెస్‌లో కూర్చోబెట్టి ఫోన్లలో వీడియోలు చెరిపించేశారు.

“చూడండయ్యా, మనం ఉన్నది ఎవరి జోలికీ పోని దేశం. ఇక్కడ యుద్ధం లేదు. యుద్ధం లేనిచోట డ్రోను ఎందుకు పడుతుంది? అటువాళ్లని అడిగితే మాది కాదంటారు, ఇటువాళ్లూ మాది కాదంటారు. ఎవరిదీ కానిది పడనట్టే లెక్క. మన లచ్చన్నకి పాపం నిద్రలో గుండె ఆగిపోయింది. వాళ్లావిడకి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ఓంకార్, నువ్వయితే బాగుంటుంది.”

ఓంకార్ చేశాడు. భయపడి చేశాడు. లోపల వేస్తారని, పంపించేస్తారని, పుకార్లు పుట్టించావని కేసు పెడతారని. ఎలా పోయినా పోయినవాడు తిరిగి రాడు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. విమానాలు మళ్లీ తిరిగే దాకా శవం మార్చురీలోనే ఉంది. చాలా రోజులైంది, పెట్టె తెరవకండి అని కంపెనీ చెబితే ఊళ్లో అద్దంలోంచి మొహం మాత్రం చూసి తగలబెట్టారు. శాంతవ్వ అన్న ఆ మాట సంగతి ఓంకార్‌కు తెలుసు. కానీ అది పోయి ఆమె మెడకే చుట్టుకుంటుందని అతనికి తోచలేదు.

శుక్రవారం సెలవు. మెస్ వంటాయన నిసార్ అహ్మద్ పొద్దున్నే లేచి మటన్ వండాడు. బోధన్ మనిషి, లచ్చన్నతో రోజూ తగువే.

“నా కూరను తిట్టుకుంట తినేటోడు. ఇయ్యాల ఉప్పు సరిగ్గ ఏసిన భాయ్. తిడ్తే తిట్టనీ,” అని గిన్నె ఓంకార్ చేతికిచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నాగేంద్రప్రసాద్ గారు తనిఖీ పని మీద ఆ వారం క్యాంపులోనే ఉన్నారు. సంగతి తెలిసి కాదనలేదు. “శాస్త్రమే కదయ్యా, చేసుకోండి. నేనూ వస్తాను, మనవాడే కదా. ఆ గోడా నేలా మాత్రం ఫోన్‌లో పడనివ్వకు. ఎందుకొచ్చిన గొడవ. నువ్వు ఇంటికెళ్లే టికెట్టు మాట కూడా నేను పైవాళ్లకి చెప్తాలే.”

రూమువాళ్లంతా ట్యాంకు వెనక చేరారు. కొత్త కాంక్రీటు మీద పేపర్ ప్లేటు పెట్టి అన్నం, మటన్, ఒక సిగరెట్టు పెట్టారు. ఓంకార్ వీడియో కాల్ చేసి ప్లేటు మీదికే ఫోన్ దించాడు.

“కిటికీ ఏది?” అంది శాంతవ్వ.

“కిటికీ అవతల్నే వదినె.” ఇంకో అబద్ధం.

“కాకులు ఉంటయా ఆడ?”

“తక్కువ. సముద్రంది తెల్ల పిట్ట ఉంటది.”

“అది నడుస్తదా?”

“పిట్ట అంటే పిట్టే బెహన్,” అన్నాడు నిసార్ వెనకనుంచి. “ఇక్కడి కాకి అదే.”

ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. అంతలోనే తెల్ల పిట్ట ఒకటి మెస్ కప్పు మీంచి దిగింది. అటూ ఇటూ చూడలేదు, మొహమాటపడలేదు. ప్లేటు దగ్గరికి నడిచి మటన్ ముక్క నోట కరుచుకుని ఎగిరిపోయింది.

“ముట్టింది! ముట్టింది!” అందరూ ఒక్కసారే అరిచారు. నాగేంద్రప్రసాద్ గారు చేతులు జోడించి, “హమ్మయ్య, తృప్తిగా వెళ్లాడు,” అన్నారు.

ఫోన్‌లో శాంతవ్వ వెక్కి వెక్కి ఏడుస్తోంది. “ముట్టినవా! నన్ను మన్నిచ్చినవా! నా నోరు పాడుగాను, ఇగ నిన్ను ఒక్క మాటనను. అత్తా, సూడు, మన్నిచ్చిండు నన్ను!”

ఓంకార్ ప్లేటు కేసి చూశాడు. మన్నించడానికి ఆమె చేసిన తప్పేమిటి? ఎవడో ఎవడి మీదికో వదిలాడు. అది దారి తప్పి, ఎవరి జోలికీ పోని దేశంలో, పెళ్లానికి మళ్లీ ఫోన్ చేస్తున్నవాడి పక్కలో దిగింది. వదిలినవాడు మాది కాదన్నాడు. చూసినవాళ్లు చూడలేదన్నారు. అందరూ దులిపేసుకున్న పాపం పోయిపోయి జగిత్యాల పక్క పల్లెలో ఒక ఆడదాని నెత్తిన కూర్చుంది. ఆమె దానికి చెంపలేసుకుంటోంది. తను ప్లేటు పెట్టి, పిట్టను పిలిచి ఆమెకు క్షమాభిక్ష ఇప్పించాడు!

“వదినె, ఏడుపు ఆపు.”

“ఏంది తమ్మీ?”

“నిన్నెవ్వలు మన్నిచ్చుడు అవసరం లేదు. అన్నకు గుండె ఆగలే.”

“ఓంకార్!” అన్నారు నాగేంద్రప్రసాద్ గారు.

“అన్న మంచంల సావలే. గీడ్నే, నీకు ఫోన్ చేసుకుంట సచ్చిండు. మీదికెల్లి డ్రోను వడ్డది, పక్కల ఇనుపముక్క దిగింది. ఫోన్ ఆయన కట్ చెయ్యలే, సిగ్నల్ పోయింది. నవ్విండు వదినె. మీ వదినెకు నేనంటె గింత పావురమని నాతోని అన్నడు. మల్ల నీకే ఫోన్ కొడుతున్నడు. నేను పక్కకే ఉన్న. నీకు అబద్ధం జెప్పిన. వీళ్లు జెప్పుమన్నరు, నేను జెప్పిన.”

ఫోన్ ఎత్తి సున్నం కొట్టిన గోడను చూపించాడు. కాంక్రీటు అతుకును చూపించాడు. నాగేంద్రప్రసాద్ గారు ముందుకొచ్చి ఫోన్ మీద చెయ్యి వేయబోతే, మధ్యలో నిసార్ అహ్మద్ అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో ఖాళీ గిన్నె అలాగే ఉంది.

శాంతవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. ఇప్పుడు ఆ గొంతు వేరే.

“ఎవలదది?”

“ఎవలు జెప్తలేరు. అటోళ్లు కాదంటున్రు, ఇటోళ్లు కాదంటున్రు.”

“నీ పక్కకు మెత్తగ మాట్లాడుతున్నదెవలు?”

“ఆఫీసు సారు.”

“సూపెట్టు.”

ఓంకార్ ఫోన్ తిప్పాడు. నాగేంద్రప్రసాద్ గారు తడబడి, అలవాటుకొద్దీ, “అమ్మా, చూడండి...” అన్నారు.

“నువ్వు సూడు సారూ! నా మొగడు తృప్తిగ పోయిండంటివి గదా ఇప్పుడే. ఏం తృప్తి? గా ఇనుపముక్క తృప్తా? నా నోటికి సచ్చిండని ఊరు ఊరంత థూ అంటుంటే నోరు మూసుకుని పడ్డ. నీ పెండ్లానికి గిట్లనే జెప్తరా? నీ నోటితోని జెప్పు, ఎట్ల సచ్చిండు?”

ఆయన ఎవరికో ఫోన్ చేస్తున్నట్టు సెల్లు చెవి దగ్గర పెట్టుకుని కారు వైపు నడిచారు.

“పోతున్నడా? పోనియ్,” అంది శాంతవ్వ. తర్వాత ఫోన్ ఊగింది. ఆమె వాకిట్లోకి పరుగెత్తుతోంది. “అత్తా! బావా! అందరు రాండ్రి ఇటు! ఓ ఎల్లవ్వ, నువ్వు గూడ రా, నన్ను అన్నవు గదా!” తెరనిండా తలలు ముసురుకున్నాయి. “ఓంకారూ, మల్ల జెప్పు. మొదటికెల్లి జెప్పు. గట్టిగ జెప్పు.”

గేటు దగ్గరి నుంచి సెక్యూరిటీ మనుషులు ఇద్దరు వస్తున్నారు. ఓంకార్ వాళ్లను చూశాడు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, అందరికీ వినబడేటట్టు మళ్లీ మొదలుపెట్టాడు.