చంటోడి ఫ్రిజ్

మా ఆయనకు తన బీపీ మాత్రల మీద తేదీ చదవాలన్నా బద్ధకమే. మా కుక్క చంటోడి తిండి సంచీ మీద అక్షరాలు మాత్రం భూతద్దం పెట్టి మరీ చదువుతారు. "నిల్వ ఉండాలని ఇందులో ఏదో మందు కలిపారు. ఇది తింటే మావాడి లివర్ ఏం కావాలి?" అని కొట్టువాడి ప్రాణం తోడేసి, చివరికి ఏ మందూ కలపని తిండి సంపాదించారు.

మందు కలపని తిండి బయట పెడితే ఊరుకుంటుందా? రెండు వారాలు తిరక్కుండానే బూజు పట్టింది. దాంతో సంచీలన్నీ ఫ్రిజ్‌లోకి చేరాయి. ముందు కూరగాయలు బయటికొచ్చి వాడిపోయాయి, తర్వాత పాలు విరిగాయి, ఆఖరికి పెరుగు గిన్నెకు కూడా ఉద్వాసన చెప్పారు.

"మరి మనమేం తినాలండీ?" అన్నాను.

"బయట పెట్టినా పాడవనివి బోలెడున్నాయి కదే!" అంటూ డబ్బాల్లో కూరలు, ప్యాకెట్లలో నూడుల్స్ మోసుకొచ్చారు. వాటి మీద అక్షరాలు చదవడానికి ఆయనకు భూతద్దం కనబడలేదు.

నిన్న మధ్యాహ్నం నూడుల్స్ గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. చంటోడు తన స్వచ్ఛమైన తిండిని వాసన చూసి వదిలేసి, నేరుగా వచ్చి నా గిన్నెలో మూతి పెట్టబోయాడు. మా ఆయనకు గుండె ఆగినంత పనైంది. పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకుని, "వద్దు నాన్నా, అదంతా విషం!" అని బుజ్జగించారు.

తర్వాత గిన్నెను నావైపు జరిపి, "నువ్వు కానీవే, చల్లారిపోతోంది" అన్నారు.