అక్క ఊపిరి పీల్చే చోటు

తన వయొలిన్ అప్పజెప్పేసి వెళ్లిపోదామనే తమ్ముడు ఆ రోజు స్టూడియోకి వచ్చాడు. నాలుగు నెలల క్రితం ఇక్కడే ఇనుప షట్టర్ జారిపడి అతని ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. పదిహేడేళ్లు అక్క పాట వెంట నడిచిన వేళ్లు. ఇక అతని కుర్చీ కొత్తగా వచ్చిన వయొలిన్ అమ్మాయిది.

కానీ లోపల వ్యవహారం బెడిసికొట్టింది. అద్దం అవతల అక్క అయిదోసారీ అదే చోట తడబడింది.

“ఇంకొక్కసారి చూద్దామమ్మా,” అన్నాడు సంగీత దర్శకుడు మైకులో. “కుదరకపోతే వేరే గొంతును పిలుస్తాను. ఏమీ అనుకోకు.”

అక్క తలూపింది. తమ్ముడు అద్దం దగ్గరికి జరిగాడు. తన వాయింపు ఎలాగూ పోయింది. ఇప్పుడు ఆమె పాట కూడానా?

పాట కాగితం అందుకున్నాడు. ‘నిరంతర నిరీక్షణాభారమై నిలిచిన హృదయమా’. అక్క ఎక్కడ ఊపిరి పీలుస్తుందో ఆమెకన్నా అతనికే బాగా తెలుసు. ఆ క్షణం చూసుకునే ఇన్నేళ్లూ వయొలిన్ కమాను ఎత్తాడు. ఇక్కడ ఆ చోటు సరిగ్గా మాట నడుమ పడింది.

“గొంతు బాగానే ఉందండీ. ఈ లైనే మార్చాలి,” అన్నాడు దర్శకుడితో.

“రాసినాయన ఫోనెత్తట్లేదు. నువ్వు రాస్తావా ఏంటి?”

తమ్ముడు వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని, దానిమీద కాగితం పరిచాడు. జన్మలో పాట రాసినవాడు కాదు. ఆసుపత్రిలో రోజూ అక్క “ఎక్కడరా నొప్పి?” అని అడిగేది. అతను వేళ్లు లేని చోటు చూపించేవాడు. ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయేది.

రాసి లోపలికి తీసుకెళ్లాడు.

‘లేని వేలు నొప్పి పుడితే
ఎక్కడని నిమరను?’

అక్క కాగితం చదివింది. “పాడమని రాశావా, ఏడవమని రాశావా?”

“ముందు పాడవే. ఏడుపు ఇంటికెళ్లాక.”

పాడింది. ‘పుడితే’ దగ్గర నిండుగా ఊపిరి పీల్చుకుంది. రెండో పాదం వణక్కుండా వచ్చింది. దర్శకుడు రికార్డింగ్ ఆపే మీట నొక్కడం మర్చిపోయాడు.

“ఇంకా రెండు చరణాలున్నాయి,” అన్నాడు చివరికి తమ్ముడితో. “అవీ నువ్వే చూడు.”

తమ్ముడు పెట్టె తెరిచి, వయొలిన్ తీసి, తన కుర్చీలో కూర్చున్న ఆ కొత్త అమ్మాయి చేతిలో పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కాస్త సమయం పట్టింది.

“అక్క ఊపిరి పీల్చే చోట నువ్వు వాయించకు. ఖాళీగా వదిలెయ్యి.”

“అలాగేనండీ. పెట్టె?”

“అది నాకుండనివ్వమ్మా. రాసుకోవడానికి బల్ల కావాలిగా.”