గాలిలో వాటా

ఇస్త్రీ కొట్టు ఉదయం ఆరున్నరకి తెరుస్తారు. ముందు పెద్దవాడు వచ్చి షట్టరు ఎత్తుతాడు. ఆ వెనక పనివాళ్ళు నలుగురూ వచ్చి ఇస్త్రీపెట్టెలు వేడి పెట్టుకుంటారు. ఆఖర్న మూడోది వచ్చి గోడవార ఉన్న ఎత్తు స్టూలెక్కి కూర్చుంటుంది. ఆమె కూర్చున్నాక గానీ కొట్లో గాలి ఆడదు.

ఆ ఇంట్లో పిల్లలు నలుగురు. ఈమె మూడో సంతానం కాబట్టి ఇంట్లో మూడోది అన్నారు, వీధివాళ్ళూ అదే అన్నారు, ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా అదే పిలుపు. పుట్టినప్పటినుంచీ ఆమె ఒంట్లోంచి గాలి వీస్తుంది. పెద్ద గాలేం కాదు, దండెం మీద చొక్కా చేతులు ఊగేంత. నాలుగు వైపులా రెండు బారల దూరం పోతుంది. ఆ లోపల ఉన్నవాళ్ళకి చల్లగా ఉంటుంది. ఆమెకి మాత్రం తగలదు, అది ఎప్పుడూ ఆమె నుంచి అవతలికి పోయేదే కాబట్టి. పక్కన నిలబడ్డవాళ్ళ జుట్టు ఎగురుతుంటే ఆమె జుట్టు చెమటకి మెడకి అతుక్కుని ఉండేది. అందుకే ఆమె ఏనాడూ జుట్టు ముడి వేసుకోలేదు, రిబ్బను కొనుక్కోలేదు. ఎగరని జుట్టుకి కట్టెందుకు?

ఆమె పదో తరగతిలో ఉండగా అన్న, ఆ పెద్దవాడే, ఈ కొట్టు పెట్టాడు. "ఫ్యాను కొనేదాకా నాలుగు రోజులు వచ్చి కూర్చోవే," అన్నాడు. ఇరవై మూడేళ్ళయింది, ఫ్యాను కొనలేదు. ఎవరూ ఆమెని కొట్టలేదు, తిట్టలేదు, తిండి తక్కువ పెట్టలేదు. "అది పక్కనుంటే ఎంత హాయో," అని మెచ్చుకున్నవాళ్ళే అందరూ. మెచ్చుకుంటూ కూడా మనిషిని స్టూలుకి కట్టేయొచ్చు. తాడు కనబడదు, ఇక విప్పమని ఎవర్ని అడుగుతుంది?

ఇస్త్రీ బట్టలు చుట్టే పేపర్లలో ఒకరోజు ఆమెకి ఒక ప్రకటన కనబడింది. ఎగిరిపోకుండా దాని మీద చల్లారిన ఇస్త్రీపెట్టె పెట్టి రెండుసార్లు చదివింది. కొండమీది ఊళ్ళకి మందుల పెట్టెలు చేరవేసే ఉద్యోగం. డ్రైవింగు వచ్చి ఉండాలి, సొంత బండి ఉండాలి. ఉత్తరం రాసింది. జవాబొచ్చింది: ఒకటో తారీకు సోమవారం పదింటికి, బండితో సహా కొండమీది ఆఫీసులో కనబడాలి. రాకపోతే ఉద్యోగం ఇంకొకరికి.

అయిదు వారాల టైముంది. డ్రైవింగు తండ్రి నేర్పాడు. బండీ ఉంది, ఇంటి వెనక షెడ్డులో. నడవదు, అంతే.

తండ్రి బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు మెకానిక్కుగా చేసినవాడు. ఎవరో వదిలించుకుంటుంటే ఆ పాత గుండ్రటి కారు తెచ్చుకున్నాడు. దానికి ఇంజను వెనక ఉంటుంది. రేడియేటరు లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, ఇంజను గాలితోనే చల్లబడుతుంది. పదకొండేళ్ళ కిందట కొండ మొదటి ఎత్తులో ఠప్పుమని శబ్దం చేసి ఆగిపోతే తాళ్ళు కట్టి లాక్కొచ్చారు. అప్పటికే ఆయన చేతులకి వణుకు మొదలైంది.

"ఇంజను విప్పుతాను నాన్నా," అంది మూడోది.

"నువ్వా?"

"నేనే."

"అమ్మా, ఆ ఇంజను నేనే ఎప్పుడూ విప్పలేదు. నాకు తెలిసినవన్నీ నీళ్ళ ఇంజన్లు. దానికో పుస్తకముంది గానీ సగం చిరిగిపోయింది."

"సగం ఉంది కదా."

ఆయన గడ్డం గోక్కుని, "తిరిగితే బండి నీదే," అన్నాడు. తిరగదని ఆయన ధైర్యం.

అన్న నవ్వాడు. "బళ్ళు తెరిచే నెల. యూనిఫారాలు గుట్టలు పడతాయి. ఇప్పుడా నీకు కారు పిచ్చి పట్టేది? మూడింటిదాకా కొట్లో కూర్చో. ఆ తరవాత ఏ ఇనపముక్క కావాలంటే అది పీక్కో."

మూడింటి నుంచి వెలుతురున్నంతసేపూ పీకింది. నాలుగు బోల్టులు తీసి ఇంజనుని పాత టైరు మీదికి దించింది. తండ్రి ఒక కాలు పొట్టిదైన తన కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చుని, పాత దుప్పటి పేలికలుగా చింపించాడు. ఊడదీసిన ప్రతి దానికీ పేలిక కట్టి, ఎక్కడిదో పెన్నుతో రాయాలి. డిపోలో ఆయన పద్ధతి అది.

ఆమె గాలి ఆమెకే అడ్డమైంది. భాగాల మధ్య వేసే కాగితపు గ్యాస్కెట్లు ఎగిరిపోతుంటే వాటి మీద రాళ్ళు పెట్టింది. నోరు తెరుచుకున్న సిలిండర్లలో దుమ్ము పడకుండా తడి తువ్వాళ్ళు కప్పింది. ఆ సందడిలో పుస్తకంలోంచి ఒక కాగితం ఊడి గోడ దాటి పోయింది.

"ఎన్నో పేజీ?"

"నలభై మూడు, వెనక నలభై నాలుగు."

"నలభై అయిదు ఉంది కదా, కానియ్."

సిలిండర్ల అడుగునుంచి తుప్పుపట్టిన రేకు ముక్కలు రెండు ఊడొచ్చాయి. అరచెయ్యంతవి, అంచులు వంపు తిరిగి ఉన్నాయి.

"ఇవేంటి నాన్నా?"

"బురద కొట్టకుండా పెట్టుంటారు. పక్కన పడెయ్."

వాటికి పేలిక కట్టలేదు. ఒకటి ఆయన కుర్చీ పొట్టి కాలి కిందికి పోయింది. ఇంకోదాన్ని ఎలకలు రాకుండా తూముకి అడ్డం పెట్టాడు.

రెండో వారం మూడో సిలిండరు తెరిస్తే సంగతి బయటపడింది. పొగ వదిలే వాల్వు అంచు కాలి, కొరికిన రొట్టెలా ఉంది. తండ్రి దాన్ని చేతిలోకి తీసుకుని తలాడించాడు.

"అనుకున్నా. ఈ ఇంజన్లలో మూడోది ఎప్పుడూ ఇంతే."

"ఎందుకని?"

"నూనె చల్లబరిచే పెట్టె దాని ముందే పెట్టారు. ఫ్యాను గాలి ముందు ఆ పెట్టెకి పోవాలి. మిగతా మూడింటికీ నేరుగా అందుతుంది, దీనికి వాడేసిన గాలి వస్తుంది. అదీ వేడెక్కాక."

"ఈ సంగతి ఎవరికీ తెలీదా?"

"తెలీకపోవడమేంటి, షెడ్డుల్లో అందరికీ తెలుసు. కాలినప్పుడు వాల్వు మారుస్తారు."

"అందరికీ తెలుసు," అంది ఆమె.

ఆ వాల్వుని వేళ్ళ మధ్య చాలాసేపు తిప్పుతూ కూర్చుంది. తండ్రి కుర్చీ సర్దుకున్నాడు. పేలిక మీద 'మూడు' అని రాసి కట్టింది.

ఆ తరవాత ఎవరూ చెప్పకుండానే ఆమె పని తీరు మారింది. కొత్త వాల్వుకి పేస్టు రాసి, కర్రకి తగిలించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పి తిప్పి దాని గూట్లో సరిగ్గా కూర్చునేదాకా అరగదీసింది. ఒకసారి పిస్టను వెనకది ముందు పెట్టి బిగించి, నాలుక్కరుచుకుని మళ్ళీ విప్పింది. గోరంత స్ప్రింగు క్లిప్పొకటి ఎగిరిపోతే షెడ్డంతా మోకాళ్ళ మీద పాకి వెతికింది. తండ్రి, "ఎడమవైపు చూడు. కాదు, నీ ఎడమ కాదు, నా ఎడమ," అంటూ కూర్చున్న చోటినుంచే వెతికాడు. గోళ్ళలో నలుపు పోవడం మానేసింది. కొట్లో అన్న, "ఆ చేతులు తెల్లబట్టల మీద పడనియ్యకే, కూర్చో చాలు," అన్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఆమె చేసిందీ అదేగా.

ఆఖరి శుక్రవారం నాలుగింటికి ఇంజను నేలమీద చెక్క దిమ్మల మీదే మొదటిసారి తిరిగింది. దగ్గింది, తుమ్మింది, తరవాత అందుకుంది. తండ్రి కుర్చీలోంచి లేచాడు. ఆ చప్పుడుకి రెండిళ్ళ అవతలి దర్జీ మడిచిన కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఇది మీదేనా? నాలుగు వారాల కిందట ఎగిరొచ్చి నా మిషను మీద పడింది. ఎవరిదో జాకెట్టు నమూనా అనుకున్నా. ఒకటి కత్తిరించి చూశా కూడా. చంకలు ఎక్కడొస్తాయో అర్థంకాలా."

నలభై మూడో పేజీ. ఆ బొమ్మ జాకెట్టుది కాదు, రెండు రేకు ముక్కలది. సిలిండర్ల కింద వీటిని బిగించాలి. పైనుంచి వచ్చిన గాలి ఊరికే జారిపోకుండా ఇవే దాన్ని ప్రతి సిలిండరు చుట్టూ తిప్పుతాయి. ఇవి లేకుండా ఇంజను నడపరాదు. కింద గీత గీసి మరీ ఉంది. అప్పటికే మూడో సిలిండరు వైపునుంచి మాడు వాసన మొదలైంది. ఆమె గబుక్కున ఇంజను ఆపేసింది.

అవి బిగించాలంటే పై భాగాలు రెండు వైపులా మళ్ళీ విప్పాలి. పది రోజుల పని అది. చేతిలో ఉన్నవి రెండు రోజులు.

తండ్రి మొహం మాడ్చుకుని, "ఆ రేకు ముక్కలకి ఇంత కథా?" అన్నాడు. ఇంతలో ఆయనకి తోచింది. "అసలు నీకెందుకమ్మా అవి? నువ్వు బండిలో ఉంటావు. నీ గాలి ఉండగా ఇంజను వేడెక్కడమేంటి? వెనక సీటు తీసేస్తే నేరుగా తగులుతుంది."

ఆయన మంచి మాటే చెప్పాననుకున్నాడు. దర్జీ కూడా తలూపాడు.

మూడోది చేతిలో రెంచీ కింద పెట్టి, "నేను బండి నడపడానికి పోతున్నా నాన్నా," అంది. "దానికి విసరడానికి కాదు."

గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ ఆ మాట ఇరవై మూడేళ్ళ కిందటిది. తండ్రికి కొట్టు మొదటి రోజు గుర్తొచ్చింది. ఈ పిల్ల బడి సంచీ భుజానికి ఉండగానే స్టూలెక్కి కూర్చోవడం, తను గుమ్మంలో నిలబడి చల్లగా ఉందని నవ్వడం గుర్తొచ్చింది. ఆయన వంగి కుర్చీ కాలి కిందనుంచి రేకు లాగాడు. వెళ్ళి తూము దగ్గరది కూడా తెచ్చాడు. రెండూ తుప్పుతో ఎర్రగా ఉన్నాయి. గరుకు కాగితం తీసుకుని గట్టు మీద కూర్చున్నాడు. బోల్టు పట్టుకోలేని ఆ వణికే చెయ్యి గరుకు కాగితానికి పనికొచ్చింది. సాయంత్రానికి రెండు రేకులూ కొత్త చెంచాల్లా మెరిశాయి.

శనివారం స్టూలు ఖాళీ. అన్న రెండుసార్లు కబురు పంపాడు. మూడోది వెళ్ళలేదు. మొదటిసారి పది రోజులు పట్టిన పని రెండోసారి చేతులకి దారి తెలిసి చకచకా నడిచింది. తండ్రి రోజంతా నిలబడే ఉండి, ఏ బోల్టు తరవాత ఏది బిగించాలో చదివాడు. ఒక్కో బోల్టూ బిగిస్తూ దాని పేలిక విప్పి ఆమె జేబులో కుక్కుకుంది. ఆదివారం దర్జీ జాకీ పట్టాడు. ఇంజను బండిలోకి ఎక్కింది.

సోమవారం ఏడింటికి అన్న వచ్చి గేటుకి అడ్డం నిలబడ్డాడు. మనిషి అప్పుడే తడిసి ముద్దయి ఉన్నాడు.

"నిన్న మొన్న కొట్లో నిలవలేకపోయాం. ఒకడు పని మానేస్తానంటున్నాడు. ఈ ఒక్క నెలా కూర్చోవే. వచ్చే నెల ఫ్యాను కొంటా, ఒట్టు."

"ఆ ఫ్యానే కదన్నయ్యా, నాలుగు రోజుల్లో కొంటానన్నావు," అంది ఆమె. స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పింది.

ఇంజను అందుకుంది. ఈసారి దగ్గలేదు. వెనక ఫ్యాను తిరిగింది, గాలి రేకుల మధ్యనుంచి నాలుగు సిలిండర్ల చుట్టూ సమంగా తిరిగింది. తండ్రి వెనక్కి వెళ్ళి వంగి, మూడో సిలిండరు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. వేడి మిగతా మూడింటంతే ఉంది, ఎక్కువ లేదు.

ఆయన నిటారుగా లేచేసరికి నుదుటిమీద చెమట పట్టింది. కూతురికి బారెడు దూరంలో ఉన్నాడు, ఆ దూరంలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయనకి చెమట పట్టలేదు. నూనె గుడ్డతో తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది.

అన్న బండి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇంకా దగ్గరికి వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కునే ఉంది.

"గాలేదీ?" అన్నాడు.

"దాని దగ్గరే ఉంది," అన్నాడు తండ్రి. "ఇటు రావట్లేదు. గేటు తియ్యి."

తీసుకెళ్ళడానికి ఇక్కడేమీ లేదని అన్నకి అర్థమవడానికి కొంత టైము పట్టింది. గేటు తీసి పక్కకి తప్పుకున్నాడు. "జాగ్రత్తగా పో," అన్నాడు, ఇస్త్రీపెట్టెలు తప్ప ఇంకేం పట్టుకోవాలో తెలీని చేతులు వేలాడేసుకుని. మధ్యాహ్నానికి ఫ్యాన్ల దుకాణానికి వెళ్ళాడని తరవాత దర్జీ చెప్పాడు.

కొండ మొదటి ఎత్తులో, పదకొండేళ్ళ కిందట ఆగిన చోటే, బండి మళ్ళీ ఆగింది. ఇంజను నిండు ప్రాణంతో తిరుగుతూనే ఉంది. ఆమే ఆపింది. జుట్టు కళ్ళలో పడి రోడ్డు కనబడటం లేదు. కిటికీ అద్దాలు రెండూ ఎత్తే ఉన్నాయి. జుట్టు ఎగురుతూనే ఉంది, మెడమీద చెమట ఆరి చల్లగా ఉంది. అలాంటిదొకటి ఉంటుందని విన్నదే గానీ ఎప్పుడూ ఎరగదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, మెడ కొంచెం వంచి, కాసేపు అలాగే కూర్చుంది.

తరవాత కట్టుకోవడానికి ఏమైనా దొరుకుతుందా అని వెతికింది. ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి రిబ్బను అవసరం పడింది, రిబ్బను లేదు. జేబులో చెయ్యి పెడితే నూనె మరకల పేలికలు వచ్చాయి. ఒకటి తీసి చూసింది. 'మూడు' అని తన రాతే. దాంతో జుట్టు వెనక్కి లాగి గట్టిగా ముడేసుకుని గేరు వేసింది. తొమ్మిదీ ఇరవై అయింది. ఆఫీసు పదింటికి.