తాగుడు లేని ఇల్లు

మా ముసలాయన మంచోడు. ఈ మాట ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటే ఇగ నేను చెప్పేదంతా ఇన్నంక మీరు నమ్మరు.

పేరు గోపయ్య. నడిగూడెంల గొర్లు కాసుకుంట బతికినోడు. మా కొడుకు లింగస్వామి బిడ్డ సంధ్యకు అప్పుడు రెండేండ్లు దాటినయ్. ఆ పిల్ల తాత గొంగడిల దూరి, తాత రొమ్ము మీద తల పెడితేనే పండుతది. తల్లి పిలిచినా రాదు, నేను బెల్లం ముక్క సూపెట్టినా రాదు.

ఆ ఏడు చలికాలం పిల్లకు పిల్లికూతలు మొదలైనయ్. పండుకుంటే సాలు, రొమ్ముల కీచు కీచుమంటది. పక్కబొక్కలు లోపటికి గుంజుకపోతయ్. ఊపిరందక అది మా మొఖాల దిక్కు సూస్తుంటే నా పానం పోయేది.

కోదాడ దవాఖానకు తీస్కపోయినం. గాడ శాంతకుమారి అని ఒక నర్సమ్మ, ఆంధ్రా దిక్కు మాట. డాక్టరు మందు రాసినంక ఆమె మమ్ముల పక్కకు కూసోబెట్టింది. బయట పిల్లలు ఒకటే మొత్తుకుంటున్నరు, ఆమెకు సుత తొందరే.

"ఇంట్లో ఎవరన్నా తాగుతారా తాతా?" అని అడిగింది.

ముసలాయన రుమాలు సర్దుకున్నడు. "మా ఇంట్ల తాగుడు లేదమ్మా. గట్టు జాతరల లింగమంతుల సామికి మొక్కిన. గా దినం సంది కల్లు సుక్క ముట్టలే."

ఆమె సగం ఇన్నది, సగం ఇనలే. "మంచిది. ఇంట్లో పొగ మాత్రం రానియ్యకండి" అన్నది.

ఇగ సూడుండ్రి. నర్సమ్మ 'మంచిది' అన్నదని బస్సు కండక్టరుకు సుత చెప్పిండు. తెల్లారి నుంచి ఇంట్ల పొగకు ఈయనే పోలీసు. నా కట్టెల పొయ్యి వాకిట్లకు పోయింది. పిల్లకు తానం పోసి సాంబ్రాణి పొగ పడ్తనంటే పట్టనియ్యలే. దోమలకు యాపాకు పొగ బంద్. నేను మిరపకాయ పోపు పెడితే, "ఏమే, పిల్లను సంపుతవా" అని మీదికి లేసెటోడు. నోట్ల బీడీ పెట్టుకొనే.

నవ్వకుండ్రి. నాకు సుత తట్టలే. బీడీ అంటే తాగేది. తాగింది ఆయన కడుపులకు పాయె, పిల్ల కాడికెందుకొస్తది? పొగ పెట్టేదాన్ని నేనేనని పొయ్యి ముందట దొంగ లెక్క కూసున్న.

పిల్లికూతలు తగ్గలే. మా కోడలు ప్రమీల ఒకనాడు ఇగ ఆగలేక అన్నది, "అత్తా, ఈసారి తగ్గకపోతే పిల్లను తీస్కొని మిర్యాలగూడకు, మా అమ్మోళ్ల కాడికి పోత. గాడనన్న గాలి మంచిగుంటదేమో." ముసలాయన ఇన్నడు. ఆ పూట బువ్వ ముట్టలే. బీడీలు మాత్రం తాగిండు.

మళ్ల కోదాడకు పోయినం. నర్సమ్మ పిల్లను ఎత్తుకున్నది, ఎత్తుకొని తల వాసన సూసింది. అటెన్క ముసలాయన దిక్కు తిరిగింది.

"తాతా, చెవి మీద ఏంటది?"

"బీడీ."

"తాగనన్నావు కదా?"

"తాగుడంటే మందు గదమ్మా. బీడీ తాగుడు సుత తాగుడేనా?"

నర్సమ్మ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. నవ్వు ఆపుకుంటున్నదని నాకు తెల్సు. తర్వాత స్టూలు గుంజుకొని ఆయన ముందట కూసున్నది. "నేనే సరిగ్గా అడగలేదు తాతా. నువ్వు తాగిన బీడీ నీ ఒక్కడి లోపలికే పోదు. ఇంట్లో ఉంటుంది, నీ చొక్కాలో ఉంటుంది, ఆ గొంగడిలో ఉంటుంది. పిల్ల నీ గుండెల మీద పడుకొని అదే పీలుస్తోంది. మానేస్తే అన్నిటికన్నా మంచిది. మానేదాకా బయటే తాగి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే దీన్ని ఎత్తుకో. పిల్ల మందు మాత్రం ఆపకండి."

"నా గొంగడా?" అన్నడు ముసలాయన. "సలి పెడ్తదనే గదమ్మా కప్పిన." బస్సు ఎక్కినంక మాకు దూరంగ ఎనక సీట్ల పోయి కూసున్నడు.

ఇగ రాజ్యం నా చేతికొచ్చింది. గొంగడి నానబెడితే నీళ్లు చాయ్ లెక్క దిగినయ్. బీడీ ఇడిసిపెట్టయ్యా అంటే, చిన్నప్పటి దోస్తాన ఎట్ల ఇడుస్తనే అన్నడు. సరే, దొడ్డి అవతల తాగు, వాకిట్ల నీళ్లు పోసుకొని లోపటికి రా అన్న. ఆయన సలికి వణుక్కుంట నీళ్లు పోసుకుంటుంటే, పిల్ల గడప కాడ చేతులు చాపి తాతా తాతా అని ఏడ్సేది.

మా దిక్కు మనిషి యాళ్లగాని యాళ్ల వాకిట్ల నీళ్లు పోసుకొని తడిబట్టతోని లోపటికి పోయిండంటే, ఎవర్నో కాటికాడ మట్టి చేసి వచ్చిండనే లెక్క. పక్కింటి సత్తెమ్మ గోడ మీదికెళ్లి సూసి, "ఎవరు పోయిండ్రు బావా?" అన్నది. ఎవరు పోలేదన్నడు. పగటీలి మళ్ల అడిగింది, పొద్దుగూకంగ మళ్ల అడిగింది. తెల్లారి కొంగు కండ్లకు పెట్టుకొనే వచ్చింది. "మీ చుట్టాలల్ల ఏమన్న రోగం తిరుగుతుందా బావా? పూటకొకరు పోతున్నరాయె."

ముసలాయన పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. గడప కాడ పిల్ల ఏడ్సుకుంట దగ్గవట్టింది, దగ్గు ఆగుతలేదు. ఆయన దండెం మీది అంగీల నుంచి బీడీ కట్ట తీసి, బొక్కెన్ల పడేసిండు.

"బీడీ పోయింది సత్తెమ్మా" అన్నడు. "దీంతోని ఖతం. ఇగ ఎవరు పోరు."

మాట మీద నిలబడ్డడు. ఆ కోపమంతా నా మీద తీసిండనుకోండి. కూరల ఉప్పు లేదు, చాయ్ సల్లారింది, నీ నడక బాగలేదు అని సుత అన్నడు. పడ్డ. ప్రమీల మిర్యాలగూడ మాట మళ్ల ఎత్తలే.

సలి తగ్గేటప్పుడు ఒక పగటీలి, పిల్ల ఆయన రొమ్ము మీద పండుకున్నది. నన్ను సైగ చేసి పిలిచిండు.

"ఇనవే" అన్నడు, మెల్లగ.

వంగి పిల్ల ఈపుకు చెవి ఆనిచ్చిన.

"ఏమన్న ఇనవడ్తుందా?"

"ఏం ఇనవడ్తలేదయ్యా."

"మంచిగ ఇను."

మళ్ల ఇన్న. ఊపిరి మెల్లగ పోయొస్తుంది, కీచుమనుడు లేదు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడుస్తుంటే సూసి ఆయన భయపడ్డడు, కదిలితే పిల్ల లేస్తదని కదలనన్న కదలలే. "ఏమైందే?" అన్నడు.

"ఏం లేదయ్యా," అన్న. "పిల్ల పండుకున్నది."