మంత్రసాని చేతులు

కాన్పైన ఇరవయ్యో రోజున మంత్రసాని చేతులు కడగాలి. వాటిలో కాన్పు వేడి ఉంటుంది. కడక్కపోతే బిడ్డ కళ్లు చెడతాయి. వెచ్చని నీళ్లు, పూలరేకులు. కడిగేది నాయనమ్మ. అగ్వకతాన్ ఊళ్లో ఇది తూర్పువాళ్లకూ తెలుసు, పడమటివాళ్లకూ తెలుసు.

మంత్రసాని దోమింగాది తూర్పు, చల్చితెక్ భాష. కాన్పైన ఇల్లు పడమట, అవకతెక్ భాష వాళ్లది. రెండు మాటలూ అక్కచెల్లెళ్లే. అర్థం కాక కాదు, అర్థమైందని ఒప్పుకోరు. ఆ రోజు ఎదురుకాళ్ల బిడ్డ, వాళ్ల మంత్రసాని ఊళ్లో లేదు. బిడ్డ తండ్రి గాస్పర్ వెల్లుల్లి మడులు తొక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. దోమింగా వెళ్లి బిడ్డను తీసింది. తిరిగి వస్తుంటే గాస్పర్ తల్లి తోమాసా "గడప కడగండి" అనడం వినపడింది.

అయినా పసివాడి కళ్లు. ఇవాళ మళ్లీ వెళ్లింది.

వాకిట్లో వెల్లుల్లి జడలు అల్లుతున్న తోమాసా తలెత్తలేదు. "ఏం కావాలటరా?" అని కొడుకునడిగింది.

"నా మాట నీకు తెలుసులే. సంతలో మిరపకాయలు బేరమాడినప్పుడు బాగానే తెలిసింది," అంది దోమింగా.

"ఏదో కూసింది. ఏమంది?"

"చేతులు కడుగుతావని వచ్చిందమ్మా. నేనే పిలిచాను," అన్నాడు గాస్పర్ నేల చూస్తూ.

"మనలో మంత్రసానులు చచ్చారా?"

"వాళ్లు రాకపోబట్టే నీ కోడలు చావబోయింది," అంది దోమింగా.

తోమాసా లోపలికెళ్లి తొట్టి తెచ్చి పెట్టింది. ఆవిరి లేదు. రేకులు లేవు. చన్నీళ్లు పడితే మంత్రసాని వేళ్లు బిగుసుకుపోతాయి. అది ఇద్దరికీ తెలుసు.

"కాస్త వెచ్చబెట్టమ్మా," అన్నాడు గాస్పర్.

"కట్టెల్లేవు."

గోడవారన భుజమెత్తు కట్టెలున్నాయి.

గుమ్మంలో కోడలు బిడ్డను పట్టుకుని నిలబడింది. వాడి ఎడమ కంట్లో అప్పుడే పుసి. దోమింగా చేతులు నీళ్లలో ముంచింది. తోమాసా మసికుండ తోమినట్టు తోమింది.

"దీవెన గీవెన వద్దని చెప్పరా. ఆ తూర్పు మాట ఒక్క ముక్క నా మనవడి మీద పడకూడదు."

"పడేది పడిపోయింది. పుట్టి ఏడవకపోతే చెవిలో పిలిచిందెవరు? వాడు విన్న మొదటి మాట నాది. దాన్ని ఏ నీళ్లతో కడుగుతావు?"

తోమాసా చేతులాగాయి. ఈసారి కొడుకును ఏమందని అడగలేదు. తొట్టి ఎత్తి దోమింగా కాళ్ల మీద పారబోసింది.

కోడలిచ్చిన మొక్కజొన్న జావ దోమింగా ముట్టలేదు. శాలువా ముడి వేయబోతే వేళ్లు వంగలేదు. సాయం అడగలేదు. అంచు పళ్లతో కరచిపట్టుకుని తూర్పుకు నడిచింది. వెనక, గడప మీద చీపురు చప్పుడు.